చట్టమునకు సాక్షి యెవరు?

సికిందరాబాదునుండి బొల్లారమునకు పోవు దారిలో అల్వాల్ కలదు. నేడది మహానగరములో ఒక పేట. 2007లో హైదరాబాదు మహానగర పాలక సంస్థ ఏర్పడినప్పుడు అల్వాల్ పురపాలక సంఘము అందులో కలిసిపోయినది. అంతకు పూర్వము అది వేంకటేశ్వరస్వామి ఆలయము, చెరువులు, పొలములు గల గ్రామము. ఆ గ్రామమునకు చేరువనే కంటోన్మెంటు సరిహద్దు. 1806లో సికిందర్‌జా పేరిట సికిందరాబాదు వెలసినది. ఆంగ్లేయ సైన్యము నివసించు ఆ ప్రదేశములో హైదరాబాదు రెసిడెంటు అధికారము క్రింద బ్రిటిషు ఇండియా చట్టములు నడచుచుండెను. సరిహద్దునకు ఇవతల నిజాము ప్రభువు ఫర్మానాలు, ఆయన న్యాయస్థానములు, ఆయన పోలీసులు. 1940వ దశకము నడుమ సికిందరాబాదు పట్టణము తిరిగి నిజాము ఏలుబడిలోనికి వచ్చువరకు ఈ స్థితి సాగినది.

ఉదయము కూరగాయల గంపతో కంటోన్మెంటు బజారునకు పోయి సాయంకాలము ఇల్లు చేరు రైతును ఊహించుడు. అతడు దినమునకు రెండుమార్లు, చట్టమే మారిపోవు ఒక గీతను దాటెడివాడు. గీత దాటినంతమాత్రమున అతని మనస్సు మారెడిది కాదు. అప్పు తీర్చుట, మాట నిలుపుకొనుట, అన్నదమ్ములు పాలు పంచుకొనుట, కూతురును ఏ యింటికి ఎప్పుడు ఇచ్చుట, ఇవన్నియు గీతకు అటునిటు ఒక్కతీరుననే నడచినవి. వీనిని నడిపినది రెసిడెంటు కాదు, నిజాము కాదు. కులపెద్దలు, ఇరుగుపొరుగు, ‘నలుగురేమనుకొందురు’ అను భయము, ఇవి నడిపినవి.

దాదాపు ఇటువంటి సరిహద్దు పట్టణములోనే ఒక న్యాయశాస్త్ర పండితునికి ఒక గొప్ప ఊహ పుట్టినది. ఆయన పేరు యూజెన్ ఎర్లిక్. ఆస్ట్రియా సామ్రాజ్యపు తూర్పు అంచున చెర్నోవిట్స్ నగరములో ఆయన ఉపాధ్యాయుడు. ఆ ప్రాంతమున జర్మనులు, యూదులు, రుమేనియనులు, ఆర్మీనియనులు మొదలుగా తొమ్మిది జాతులవారు నివసించెడివారు. గ్రంథములో అందరికిని ఒకే పౌరస్మృతి. ఇండ్లలో మాత్రము ఎవరి మర్యాద వారిదే. తండ్రి ఆస్తిమీద కుమారునికి గల హక్కును గూర్చి స్మృతి ఒకటి చెప్పుచుండగా, పల్లెలలో మరియొకటి నడచుట ఆయన కన్నులార చూచెను. 1913లో ప్రకటించిన గ్రంథములో, మనుష్యులు నిజముగా అనుసరించు కట్టుబాటునకు ఆయన ‘జీవించు చట్టము’ అని పేరు పెట్టెను. గ్రంథములోని చట్టము వేరు, జీవించు చట్టము వేరు. న్యాయస్థానములో కాక సంతలోను, పొలములోను, పెండ్లిపందిరిలోను వెదకినవానికే రెండవది దొరకును.

ఇంతవరకు ఎవరికిని అభ్యంతరముండదు. చిక్కు దీని తరువాత వచ్చును. మనుష్యులను నడపునది ఆచారమే అయినచో, చట్టములు చేసి ప్రయోజనమేమి? అమెరికా దేశపు సమాజశాస్త్రవేత్త సమ్నర్ 1906లో ఈ ప్రశ్నకు నిరాశతో సమాధానము చెప్పెను. ప్రభుత్వము చేయు శాసనములు ప్రజల ఆచారములను మార్చజాలవని ఆయన మతము. అంతకు ముందే, 1893లో, ఫ్రాన్సు దేశమున దుర్ఖైము అను పండితుడు చట్టమును సంఘములోని ఐకమత్యమునకు కంటికి కనబడు గుర్తుగా వర్ణించెను. ఒక పనిని సంఘమంతయు అసహ్యించుకొన్నప్పుడే అది నేరమనిపించుకొనునని ఆయన భావము. ఈ మాటలను మన గ్రామపెద్దలు చదివియుండరు. అయినను రచ్చబండమీద కూర్చుండి ‘మనుషులు మారాలె గాని చట్టాలతోని ఏమైతది?’ అని వారు నిట్టూర్చునప్పుడు పలుకుచున్నది సమ్నర్ మాటయే.

ఆ నిట్టూర్పు ఎంత న్యాయముగా వినబడునో అంత ప్రమాదకరము. అది ఎవరి నోటినుండి వచ్చుచున్నదో చూడవలెను. బాధపడువారు ఆ మాట అనరు. ఉన్న స్థితిలో సుఖముగా ఉన్నవారే అందురు. ‘మనుషులు మారువరకు ఆగుడు’ అని బాధితునితో చెప్పుట, మారవలసినవాడే గడువు పెట్టుట వంటిది. సమ్నర్ దేశముననే దక్షిణ రాష్ట్రములలో నల్లజాతి పిల్లలను వేరు బడులలో ఉంచినవారికి ఈ వాదమే చాలకాలము అండగా నిలిచినది. 1954లో అక్కడి సుప్రీంకోర్టు అట్టి వేర్పాటు చెల్లదని తీర్పు చెప్పెను. 1957లో లిటిల్ రాక్ నగరమున తొమ్మండుగురు నల్లజాతి విద్యార్థులను సైనికుల కాపలాతో బడిలోనికి పంపవలసి వచ్చెను. ఊరిలో ఆనాడు ఆచారము మారలేదు. అయినను పిల్లలు బడిలో కూర్చుండిరి.

అయితే చట్టము చేసినచో చాలునా? దీనికి తెలుగుదేశపు అనుభవమే సమాధానము. ఈశ్వరచంద్ర విద్యాసాగరుని కృషివలన 1856లో వితంతు పునర్వివాహ చట్టము వెలువడెను. ఆ నాటినుండి బ్రిటిషు ఇండియాలో హిందూ వితంతువు మరల పెండ్లియాడుట చట్టసమ్మతము. ఆ చట్టములోనే ఒక ముల్లును గలదు: మరల పెండ్లియాడిన స్త్రీకి మొదటి భర్త ఆస్తిలో ఉన్న హక్కు పోవును. అది అటుండనిండు. రాజమహేంద్రవరములో కందుకూరి వీరేశలింగము పంతులు మొట్టమొదటి వితంతు వివాహమును జరిపించినది 1881 డిసెంబరు 11న. చట్టమునకును ఆ పెండ్లికిని నడుమ ఇరువదియైదు సంవత్సరములు. ఈ పాతికయేండ్లు చట్టము గోదావరి తీరమున గ్రంథములో నిద్రించినది. ఆ కాలమున ఎందరు బాలికలు తలలు గొరిగించుకొని వంటయిండ్లలో ముసలివారైరో లెక్కించినవారు లేరు.

ఆ నిద్రనుండి దానిని లేపినదెవరు? వీరేశలింగముగారి పేరు లోకమెరుగును. ధనసహాయము చేసిన కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్యగారి పేరును కొందరెరుగుదురు. పెండ్లి పోలీసుల కాపలాలో జరిగినది. అది చట్టము చేసిన సాయము. కాని పెండ్లి జరిగిన మరునాటినుండి ఆ యింటికి వచ్చిన కష్టము పోలీసులు తీర్చగలది కాదు. బహిష్కారము వచ్చినది. వంటవారు మానిరి, నీళ్లు తెచ్చువారు మానిరి. అప్పుడు పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మ తానే గోదావరికి పోయి బిందెతో నీళ్లు తెచ్చి, తానే వండి, ఆ యింట చేరినవారికి వడ్డించెను. 1856నాటి చట్టము ఆ వీధిలో జీవించు చట్టముగా మారుటకు ఆరంభము ఆ బిందెడు నీళ్లు. కలకత్తాలో కౌన్సిలు చేసిన పనిని రాజమహేంద్రవరములో ఒక గృహిణి పూర్తిచేసినది. ఇద్దరిలో ఎవరు లేకున్నను ఆ పెండ్లి నిలిచెడిది కాదు.

దీనికి తారుమారైన కథ యానాముది. బాల్యవివాహముల సంగతి వచ్చినప్పుడెల్ల గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ తలపునకు రాక తప్పదు. ఆ నాటకపు పీఠికలో ఆయన ఒక జాబితాను ప్రస్తావించిరి. విజయనగర మహారాజా విశాఖపట్టణ మండలములో బ్రాహ్మణుల ఇండ్లలో మూడేండ్లకాలమున జరిగిన కన్యాశుల్క వివాహములను లెక్కకట్టించెను. 1034 వివాహములు తేలినవి. ఆ పెండ్లికూతుండ్రలో 99 మందికి ఐదేండ్లు, 44 మందికి నాలుగేండ్లు, 36 మందికి మూడేండ్లు. రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ముగ్గురి సంగతి చదివిన తరువాత ఇక ఏ వ్యాఖ్యానము అక్కరలేదు.

1929 సెప్టెంబరులో, హరవిలాస్ శారదా ప్రతిపాదించిన బాల్యవివాహ నిరోధక చట్టము ఆమోదము పొందెను. ఆడపిల్లకు పదునాలుగు, మగపిల్లవానికి పదునెనిమిది నిండవలెనని నియమము. 1930 ఏప్రిల్ 1నుండి అమలు. ఆ నడుమ ఉన్న ఆరు మాసములలో దేశమంతట పెండ్లిపందిళ్లు లేచినవి. చట్టము వచ్చులోపల ముడి వేయుటకు జనులు తొందరపడిరి. గడువు దాటిన పిదప గోదావరి మండలములవారికి మరియొక దారి దొరికినది. గౌతమీతీరమున కాకినాడకు సమీపముననే యానాము ఉన్నది. అది ఫ్రెంచివారి పాలనలోనిది. అక్కడ శారదా చట్టము లేదు. బంధుమిత్రులతో, మేళతాళములతో అక్కడికి తరలిపోయి చిన్నపిల్లలకు పెండ్లిండ్లు చేసి తిరిగి వచ్చిరి. అట్టి పెండ్లిండ్లు ఎన్ని జరిగినవనగా యానామునకు కల్యాణపురము అను పేరు వచ్చినది. 1954లో ఫ్రెంచి పాలన ముగిసినను ఆ పేరు మాత్రము నిలిచినది.

యానామునకు పోయినవారు దుర్మార్గులు కారు. చదువుకొన్నవారు, పూజలు చేయువారు, పిల్లలను ప్రాణముగా చూచుకొనువారు. చట్టమునకు భయపడిరి కనుకనే దానిని తప్పుకొనిరి; కాని చట్టము చెప్పిన సంగతిని మనస్సునకు ఎక్కించుకొనలేదు. మరి స్వగ్రామముననే ఉండి అట్టి పెండ్లి చేసినవారి మాట? అప్పుడైనను శిక్ష తేలిక: ఒక నెలకు మించని సాధారణ ఖైదు, లేదా వేయి రూపాయలవరకు జరిమానా. పెండ్లి మాత్రము చెల్లును. అన్నిటికంటె గమనింపదగినది ఫిర్యాదు పద్ధతి. పోలీసులు తామై కేసు పెట్టుటకు వీలులేదు. ఎవరో ఒక పౌరుడు ముందునకు వచ్చి మెజిస్ట్రేటునొద్ద ఫిర్యాదు చేయవలెను. చేసినవాడు పూచీకత్తు చెల్లించవలసి యుండెను. అనగా పొరుగింటివానిమీద ఫిర్యాదు చేసి, వారి భోజనపంక్తినుండి వెలివడి, పైగా పూచీకత్తు కట్టువాడు కావలెను. అట్టివాడు ఊరికొక్కడు దొరకునా? 1938లో మెజిస్ట్రేటులకు పెండ్లిని ముందుగనే ఆపు అధికారము కల్పించిరి. వయస్సును 1949లోను, 1978లోను పెంచిరి. 2006లో సరిక్రొత్త చట్టము చేసిరి. ఈ పాఠము నేర్చుకొనుటకు చట్టమునకు ముప్పావు శతాబ్దము పట్టినది: సాక్షి లేని చట్టము నడువదు, సాక్షికి రక్షణ లేనిచో సాక్షి రాడు.

ఇపుడు సరిహద్దులు లేవు. అల్వాల్ నుండి యానాము వరకు ఒకే రాజ్యాంగము. కాని కట్నము మాట వచ్చునపుడు ప్రతి యింటిలోపలి గదియు ఒక యానామే.

కట్నము విషయములో తెలుగువారు దేశమునకు ముందున్నారని చెప్పిన ఆశ్చర్యపడువారుందురు. 1958లోనే ఆంధ్రప్రదేశ్ శాసనసభ కట్న నిషేధ చట్టమును చేసినది. 1961లో పార్లమెంటు దేశమంతటికి చేసిన చట్టము దాని స్థానమును తీసికొన్నది. చట్టము చేయుటలో మూడేండ్లు ముందుండుట గర్వకారణమే. కాని ఆరు దశాబ్దములు గడచినను తెలుగువారి యిండ్లలో కట్నము ఆగలేదు. ఎకరములనుండి ప్లాటులకు, ఎడ్లబండినుండి కారునకు మాత్రము మారినది.

అల్వాల్‌లోనో, మచ్చబొల్లారములోనో, మల్కాజిగిరిలోనో నిశ్చయ తాంబూలములకు ముందు రెండు కుటుంబములు కూర్చుండు గదిని తలచుకొనుడు. వరుని వైపు పెద్ద గొంతు తగ్గించి పలుకును: ‘మేమేం అడుగుతలేము బావా, మీ బిడ్డకు మీరేం పెట్టుకుంటరో మీ ఇష్టం.’ కొంతసేపు మౌనము. తరువాత వరుని మేనత్త, ఎవరితోను అననట్లు, తమ పెద్దకోడలికి వాళ్ల నాయన బోడుప్పలులో ప్లాటు రాసిచ్చిన సంగతి జ్ఞాపకము చేయును. వధువు తండ్రి తల ఊపును. ఎవరును అడుగలేదు, ఎవరును ఇత్తుమని అనలేదు. కాని ఆ గదిలోనివారందరికిని బేరము కుదిరినట్లు తెలియును. ఇదియే జీవించు చట్టము. దీనికి మాటలు అక్కరలేదు. కనుక దీనికి సాక్ష్యము దొరకదు.

1961నాటి చట్టము ‘వివాహమునకు ప్రతిఫలముగా’ ఇచ్చినదే కట్నమని నిర్వచించినది. ప్రతిఫలమని రుజువు చేయుట ఎంత కష్టమో ఇరువదియేండ్లలో తెలిసివచ్చినది. 1984లో దానిని మార్చి ‘వివాహ సంబంధముగా’ ఇచ్చినదంతయు అని వ్రాసిరి. 1985నాటి నియమముల ప్రకారము వధూవరులకు వచ్చిన కానుకల జాబితా వ్రాయవలెను: వస్తువు, దాని వెల, ఇచ్చినవారి పేరు, వారి చుట్టరికము, వధూవరుల సంతకములు. తీసికొన్నవారేగాక ఇచ్చినవారును నేరస్థులే. అందుకు తోడ్పడినవారును అంతే. ఇచ్చట చట్టము తనకు తానే ఒక ముడి వేసికొన్నది. కట్నము సంగతి అందరికంటె బాగుగా ఎరిగినవాడు వధువు తండ్రి. అతడు నోరు తెరచినచో తన నేరమును తానే ఒప్పుకొన్నవాడగును. 1986లో ఈ ముడిని కొంత విప్పిరి: బాధితులు ఇచ్చిన వాఙ్మూలమును ఆధారముగా తీసికొని వారిమీదనే కేసు పెట్టరాదని చేర్చిరి. అయినను ఆ తండ్రి నోరు తెరచునది బిడ్డ కాపురము చెడిన తరువాతనే. తాంబూలములనాడు మౌనము, శవపరీక్షనాడు సాక్ష్యము. ఈ రెండింటి నడుమ ఒక ఆడపిల్ల జీవితము పోయినది.

భర్తయు అతని బంధువులును పెట్టు హింసను 1983లోను, కట్నపు చావును 1986లోను శిక్షాస్మృతిలో చేర్చిరి. 2024 జులైనుండి అవి భారతీయ న్యాయ సంహితలో 85, 80 సెక్షనులుగా ఉన్నవి. ఇందులో మరియొక ప్రక్కను చెప్పకుండుట న్యాయము కాదు. కోపముతో పెట్టిన కేసులలో ముసలి అత్తమామలు, పెండ్లి కాని ఆడపడుచులు స్టేషను మెట్లెక్కిన సందర్భములున్నవి. 2014లో సుప్రీంకోర్టు అర్నేష్ కుమార్ కేసులో, విచారింపక వెంటనే అరెస్టు చేయు అలవాటును మానుకొనవలెనని పోలీసులకు చెప్పెను. దీనిని పట్టుకొని ‘చూచితిరా, చట్టమంతయు దుర్వినియోగమే’ అనువారు కలరు. వారు ఒక సంగతి మరచుచున్నారు. కుటుంబము, కులము, మఠము ముందుగనే పలుకవలసిన మాట పలికియున్నచో ఆ తగవు స్టేషను వరకు పోయియుండెడిది కాదు. నలుగురు పెద్దలు మౌనముగా వదలిన పనిని చట్టము మోటుగా చేయును. దాని చేతిలో ఉన్నది కత్తి, సూదిదారము కాదు.

డాక్టరు అంబేద్కరు చట్టముమీద ఎంత నమ్మకముంచినవాడో చెప్పనవసరములేదు. హిందూ కోడ్ బిల్లు సాగలేదని 1951లో మంత్రిపదవినే వదలుకొనెను. అయినను 1943లో రానడేను గూర్చి పూనాలో ఇచ్చిన ప్రసంగములో ఆయనయే, హక్కులను కాపాడునది చట్టము కాదు, సంఘముయొక్క అంతరాత్మ అను భావమును చెప్పెను. సంఘమంతయు ఒక హక్కునకు ఎదురు తిరిగినచో ఏ న్యాయస్థానమును దానిని నిలుపలేదని ఆయన హెచ్చరిక. ఈ రెండింటిలో వైరుధ్యము లేదు. చట్టము ఒంటరివాని కొరకు. నలుగురును ఒకవైపు, తానొక్కడు ఒకవైపు అయినప్పుడు నిలబడుటకు అతనికి కాలూను చోటు కావలెను. అంతరాత్మ ఆ నలుగురి కొరకు.

కల్యాణనగరపు గాథ ఇక్కడ గుర్తునకు రాక మానదు. మధువరసు కుమార్తెను హరళయ్య కుమారునకు ఇచ్చి శరణులు పెండ్లి జరిపిరనియు, బ్రాహ్మణ కన్యను చెప్పులు కుట్టువాని కుమారునకు ఇచ్చిరను కోపముతో బిజ్జలుడు ఆ తండ్రులిద్దరికిని మరణదండన విధించెననియు సంప్రదాయము. పాల్కురికి సోమనాథుని బసవపురాణములో ఈ పెండ్లి కథ లేదు. బిజ్జలుడు అల్లయ్య మధువయ్యల కన్నులు తీయించిన వృత్తాంతము మాత్రమే కలదు. పెండ్లి సంగతి తరువాతి కన్నడ రచనలలో విస్తరించినది. ఎట్లు చూచినను గాథలోని అంతరార్థము ఒక్కటే. ఆనాడు ఇద్దరు తండ్రులు ఒప్పుకొనిరి, శరణుల గోష్ఠి ఆశీర్వదించెను, రాజశాసనము చంపెను.

ఈ కాలమున ఏమైనది? 1949నాటి చట్టముతో కులాంతర వివాహము హిందువులలో చెల్లుబాటైనది. 1954నాటి ప్రత్యేక వివాహ చట్టము మతాంతరమునకును దారి తెరచినది. 1955నాటి హిందూ వివాహ చట్టము రెండవ సెక్షనులో వీరశైవుల పేరు, లింగాయతుల పేరు స్పష్టముగా చెప్పి, ఆ చట్టము వారికిని వర్తించునన్నది. రాజశాసనము ఇప్పుడు ఆ దంపతులవైపున ఉన్నది. అయినను 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, కులాంతర వివాహము చేసికొన్న ఒక యువకుని ఆసుపత్రి వాకిట, భార్య ప్రక్కన ఉండగనే నరికి చంపిరి. డబ్బిచ్చి ఆ హత్య చేయించినది ఆ అమ్మాయి తండ్రియేనని పోలీసులు అభియోగము మోపిరి. విచారణ ముగియకమునుపే ఆయన మరణించెను. 2025 మార్చిలో నల్లగొండ న్యాయస్థానము మిగిలిన దోషులకు శిక్షలు విధించినది. కల్యాణములో తండ్రులు బ్రతికించగోరిరి, రాజు చంపెను. మిర్యాలగూడలో ప్రభుత్వము బ్రతుకుడనెను. చావు ఇంటినుండి వచ్చినది.

ఆ వార్త చదివి ‘ఎంత ఘోరము’ అని పత్రికను మడచి ప్రక్కన పెట్టిన ఇండ్లలో లింగధారుల ఇండ్లును కలవు. ఆ పత్రికలోనే వధూవరుల ప్రకటనల పుట ఉండును. అందులో జంగమ, లింగబలిజ మొదలైన శాఖల పేర్లు, తమ శాఖవారే కావలెనను షరతులు నేటికిని కనబడును. లింగము కట్టుకొన్నవారిలో ఎక్కువతక్కువలు లేవని సభలో పలికి, సంబంధము వెదకునపుడు శాఖను అడుగుట హత్య కాదు, నేరమును కాదు. ఏ చట్టమును దానిని తాకలేదు, తాకనక్కరలేదు కూడ. కాని హరళయ్య పేరు తలచుకొని చేతులు జోడించువారికి అది ఇబ్బంది కలిగించవలసినది.

మఠములకు, పెండ్లి జరిపించు జంగమయ్యలకు చట్టము ఒక బాధ్యతను స్పష్టముగానే అప్పగించినది. 2006నాటి బాల్యవివాహ నిషేధ చట్టము ప్రకారము అట్టి పెండ్లిని జరిపించినవారికి రెండేండ్లవరకు కఠిన ఖైదు, లక్ష రూపాయలవరకు జరిమానా. కనుక ముహూర్తము పెట్టుటకు ముందు వయస్సు పత్రము అడుగుట ఇప్పుడు పలుచోట్ల అలవాటైనది. మొదట చట్టమునకు భయపడి అడిగినవారు ఇప్పుడు మర్యాదగనే అడుగుచున్నారు. సమ్నర్ చూడలేనిది ఇదియే. భయముతో మొదలైన పని పదిసార్లు చేసిన పిదప ఆచారమగును. వయస్సు అడిగిన నోటితోనే కట్నము సంగతియు అడుగవచ్చును. అడిగినచో ఒకటి రెండు పెండ్లిండ్లు ఆ మఠమునకు రాక మరియొక చోటికి పోవును. దక్షిణ తగ్గును. యానాము ఎప్పుడును ఎక్కడో ఒకచోట తెరచియే ఉండును.

అల్వాల్ ఇంటిలోని ఆ గదికి మరల వత్తము. మాటలు ముగిసిన తరువాత అన్నదమ్ములలో ఒకడు బిడ్డల నోటుపుస్తకమునుండి ఒక కాగితము చింపి తెచ్చును. తులముల బంగారము ఇంత, నగదు ఇంత, ఆడబిడ్డ లాంఛనము ఇంత, ఫంక్షన్ హాలు ఖర్చు ఎవరిది అని దానిమీద వ్రాయుదురు. 1985నాటి నియమము కోరిన జాబితా ఇది కాదు. దీనికి సంతకములు ఉండవు. వ్రాయుచున్నప్పుడు గదిలో ఏడెనిమిదిమంది కూర్చుండియుందురు. మేనమామ ఉండును, మధ్యవర్తి ఉండును. ఒక్కొక్కప్పుడు మఠముతో సంబంధమున్న పెద్దయు ఉండును. తలుపు ప్రక్కన చాయ పళ్లెము పట్టుకొని ఆ పిల్లయే నిలుచుండును. పెండ్లి అయిన మరునాడు ఆ కాగితమును చింపి పొయ్యిలో వేయుదురు.